ఫోను బేరానికి రాతకోతలు

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఇంట్లో పొద్దు ఫోనుతోనే మొదలవుతుంది. తోటలో కాయ ఎంత ఉందో, చెట్ల నుంచి దింపు ఏ రోజో, వలుపుకు మనుషులు దొరికారో లేదో, లారీ ఎక్కడిదాకా వచ్చిందో, అన్నీ మాటల మీదే నడుస్తాయి. మా మావయ్యగారు బేరాలు చూస్తారు, నేను కొట్టు లెక్కలు చూస్తాను. ఆయన నోటితో తెంచిన బేరం నా చిట్టాలోకి ఎక్కేలోపు మధ్యలో ఒక్క కాగితం ముక్క కూడా ఉండదు. ఆయన జ్ఞాపకం, నా రాత. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చడానికే ఈ రికార్డింగు పని మొదలుపెట్టాను. మాలాగా ఫోను మీద వ్యాపారం చేసే వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి, ఏం చేశానో, ఏది పనికొచ్చిందో రాస్తున్నాను.

పత్రికల్లో అంబాజీపేట మార్కెట్ ధరలు చూసేవారికి తెలుసు, కొబ్బరి అంటే ఒక్క ధర కాదు. కురిడీ అంటే కాయలోనే ఎండిన కొబ్బరి. అందులో పాతవి వేరు, కొత్తవి వేరు. మళ్లీ వాటిలో గండేరా రకం ఒక ధర, గటగట రకం ఒక ధర. నీటికాయలో పాత కాయను ముక్కుడు అంటాం, కొత్తది పచ్చికాయ. ఎండు కొబ్బరి క్వింటాల్ లెక్క, అందులో రెండో రకానికి ఇంకో ధర. కాయలు మాత్రం వెయ్యి లెక్కన పోతాయి. రైతు 'పదహారున్నర' అంటే వెయ్యికి పదహారు వేల అయిదు వందలని ఇద్దరికీ తెలుసు. అయితే ముక్కుడుకా, పచ్చికాయకా అన్నది ఆ మాటలో ఉండదు. అది అంతకు ముందు రెండు నిమిషాల మాటల్లో ఎక్కడో ఉంటుంది.

దసరా గిరాకీ మీద ఉన్న రోజుల్లో సరిగ్గా అక్కడే తేడా వచ్చింది. మావయ్యగారు ముక్కుడు కాయకు ధర చెప్పానంటారు, రైతు రాశి మొత్తానికి అదే ధర అన్నారంటాడు. ఆ రాశిలో మూడో వంతు పచ్చికాయ. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడే మనిషి కాదు, అందుకే తగువు తెగలేదు. చివరికి తేడాను చెరిసగం పంచుకున్నారు. డబ్బు కంటే, ఆ తరువాత కొన్నాళ్లు ఆ రైతు మా కొట్టు మెట్టు ఎక్కకపోవడం మావయ్యగారిని ఎక్కువ బాధపెట్టింది.

రికార్డింగు పెడదామంటే ఇంట్లో మొదటి మాట, 'ఏదో ఒక యాప్ వేసుకుంటే సరి' అని. ఒకప్పుడు నిజంగానే సరిపోయేది. 2022 మే 11 నుంచి గూగుల్ ఆ దారి మూసేసింది. కంటిచూపు లేనివారికి, చేతులు సరిగా ఆడనివారికి సాయపడేందుకు ఆండ్రాయిడ్‌లో కొన్ని ప్రత్యేక సదుపాయాలుంటాయి. కాల్ రికార్డింగు యాప్‌లు వాటినే అడ్డం పెట్టుకుని అవతలివారి గొంతును పట్టేవి. అలా చేసే యాప్‌లను ప్లేస్టోర్‌లో ఉండనివ్వబోమన్నారు. ట్రూకాలర్ సైతం అప్పుడు ఆ సదుపాయాన్ని తీసేసింది. ఇప్పుడు అలాంటి యాప్ ఏదైనా దొరికితే అందులో తరచుగా మన గొంతే వినిపిస్తుంది, అవతలి పక్క గాలి శబ్దం. అలా సగం బేరం రికార్డు చేసుకుని ఏం లాభం?

మిగిలింది ఫోనుతో పాటే వచ్చే డయలర్, అంటే కాల్స్ చేసుకునే యాప్. ఇందులో రెండు తీరులు చూశాను. గూగుల్ డయలర్ ఉన్న ఫోనులో రికార్డు మీట నొక్కగానే కాల్ రికార్డవుతోందని ఒక గొంతు ఇద్దరికీ వినిపించేలా ప్రకటిస్తుంది. సామ్‌సంగ్ సొంత డయలర్‌లో ఆ ప్రకటన రాదు. ప్రతి కాల్ దానంతటదే రికార్డయ్యేలా అమర్చుకోవచ్చు. ఐఫోనుకు ఈ సదుపాయం 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1తో వచ్చింది, అక్కడా ప్రకటన తప్పదు. ఆ కాల్‌ను అక్షరాల్లోకి మార్చి కూడా పెడుతుంది కానీ, అది చేసే భాషల్లో అప్పటికి తెలుగు లేదు.

మా కొట్టు ఫోను గూగుల్ డయలర్‌ది. ప్రకటన వినగానే కొందరు రైతులు ఫోను పెట్టేశారు. 'పోలీసులో, బ్యాంకువాళ్లో అనుకున్నానండి' అని ఒకాయన తరువాత కొట్టుకు వచ్చి చెప్పాడు. మరికొందరు పెట్టేయలేదు కానీ బిగుసుకుపోయారు. అప్పటిదాకా తోట సంగతులన్నీ చెబుతున్నవారు ఉన్నట్టుండి కోర్టులో సాక్షుల్లా 'అవునండి', 'కాదండి' మొదలుపెట్టారు.

ప్రకటన రాని ఫోను కొందామని మావారు అన్నారు. కొన్నాం కూడా. అయితే మావయ్యగారు ఒక షరతు పెట్టారు. "వాళ్లకు తెలియకుండా రికార్డు చేసి రేపు అది బయటపెడితే ఆ పూట ధర గెలుస్తాం. వచ్చే ఏడు తోట ఇంకొకడికి పోతుంది" అన్నారు. కాబట్టి కొత్త ఫోనులో ఆ ప్రకటన పని ఆయనే చేస్తారు. యోగక్షేమాలు అయ్యాక, ధర ఎత్తే ముందు, "లెక్క కోసం రికార్డు పెట్టానండి, మీకేం అభ్యంతరం లేదు కదా" అంటారు. అదే మాట తెలిసిన గొంతుతో వస్తే ఎవరికీ పట్టింపు లేకపోయింది. వద్దన్నవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ల కాల్ అయిన వెంటనే ఆ ఫైలు చెరిపేసి, పాత పద్ధతిలో చీటీ రాసుకుంటాం.

చట్టం సంగతి అమలాపురంలో మాకు తెలిసిన వకీలుగారిని అడిగాను. ఆయన చెప్పినదాని సారం ఇది. ఇద్దరిలో ఒకరి సమ్మతితో రికార్డు చేసిన ఫోను సంభాషణను సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే, ఆర్.ఎం. మల్కానీ కేసులో అంగీకరించింది. అది టేపు రికార్డర్ల కాలం. మనం పాల్గొనని సంభాషణను దొంగచాటుగా పట్టడం పూర్తిగా వేరే సంగతి. భార్య వేరేవాళ్లతో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసిన భర్త తీరును 2008లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తప్పుపట్టింది. ఇక ఫోనులోని ఫైలు కోర్టులో నిలవాలంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు మారలేదని చూపే హ్యాష్ అనే సంఖ్య కూడా రాయాలి. "మీ కొబ్బరికాయలకు ఇదంతా ఎందుకమ్మా" అని ఆయన నవ్వారు కానీ ఒక మాట గట్టిగా చెప్పారు: అసలు ఫైలును కత్తిరించవద్దు, శుభ్రం చేయవద్దు, ఏం చేసినా నకలు మీదే చేయండి. ఆ మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

ఫైళ్లు కుప్పపడ్డాక తెలిసింది, వెతకడమే పెద్ద పని అని. ఫోను ఫైలుకు పెట్టే పేరులో మనం సేవ్ చేసుకున్న పేరు, తేదీ, సమయం ఉంటాయి. మావయ్యగారి ఫోనులో పేర్లు 'సూరిబాబు', 'సూరిబాబు కొత్త', 'సూరిబాబు చెరువుగట్టు' అని ఉంటాయి. వాళ్లెవరో ఆయనకు తప్ప దేవుడికి కూడా తెలియదు. ఓ ఆదివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నిటికీ ముందు ఊరు పేరు చేర్చాను: గంగలకుర్రు, ఇసుకపూడి, వక్కలంక, మాచవరం. విసుగు పుట్టే పనే కానీ, మొత్తం వ్యవహారంలో దీనంత ఫలితం ఇచ్చింది మరొకటి లేదు. కంప్యూటర్‌లోకి తెచ్చి పేర్ల వరుసలో పెడితే ఊళ్లవారీగా వాటంతటవే సర్దుకుంటాయి.

వాట్సాప్ కాల్స్ మాత్రం డయలర్‌కు అందవు. కోనసీమలో ఇది చిన్న విషయం కాదు. తోట ఇక్కడ, యజమాని కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండటం మామూలే. వాళ్లు చేసేదంతా వాట్సాప్ లోనే. వాళ్లతో బేరం అయ్యాక ధర, కాయల సంఖ్య రాసి మెసేజ్ పెట్టి, 'సరే' అని జవాబు వచ్చేదాకా దింపు మొదలుపెట్టకూడదని తీర్మానించుకున్నాం. ఆలోచిస్తే అందరితోనూ ఇదే చేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మా రైతుల్లో ఎక్కువమంది పెద్దవాళ్లు. చేతిలో ఉన్నది మీటల ఫోను. స్మార్ట్‌ఫోను ఉన్నా మెసేజ్ చదవరు, మనవడు బడి నుంచి వచ్చాక చదివి చెప్పాలి.

ఇక మాటను రాతగా మార్చడం. మొదట నేనే చెవిలో పెట్టుకుని వింటూ రాశాను. ఒక నిమిషం మాటకు అయిదారు నిమిషాలు పట్టేది. ఆపడం, వెనక్కి జరపడం, మళ్లీ వినడం. వంటింట్లో కుక్కరు కూత వేస్తే మళ్లీ మొదటికి. ఆ తరువాత ఒక ఫోనులో రికార్డింగు పెట్టి, పక్కన ఇంకో ఫోనులో గూగుల్ కీబోర్డు మైకు నొక్కి ఉంచాను. తెలుగులో మాట్లాడితే టైపు చేసే సదుపాయం 2017 నుంచీ ఉంది. మనం దాని ముందు కూర్చుని నిదానంగా చెబితే చక్కగా రాస్తుంది, నేను ఇప్పటికీ ఉత్తరాలు అలాగే రాస్తాను. ఇద్దరు మాట్లాడుకుంటున్న రికార్డింగు వినిపిస్తే మాత్రం, ఎవరైనా కాస్త ఆగగానే మైకు మూతపడుతుంది. ఒకరి మాట మీద ఒకరు పడితే రెండు మాటలూ పోతాయి.

మా ఆడపడుచు కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చి నా అవస్థ చూసి, "అత్తా, విస్పర్ పెడతాను ఉండు" అన్నాడు. ఓపెన్‌ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో అందరికీ ఉచితంగా ఇచ్చిన, మాటను రాతగా మార్చే ప్రోగ్రామ్ అది. 6,80,000 గంటల మాటలు వినిపించి తయారుచేశారు. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా మన కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. నాకు నచ్చింది ఆ చివరి సంగతే. 2022 మేలో మా జిల్లాలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేసినప్పుడు వాట్సాప్ లేదు, ఫోనుపే లేదు. మామూలు కాల్స్ మీదే కాయ కదిలింది. నెట్ మీద ఆధారపడిన ఏ ఏర్పాటూ మా కొట్టులో నిలవదని అప్పుడే అనుకున్నాను.

విస్పర్ రాసిన మొదటి కాగితం చూసి ఇంటిల్లిపాదీ నవ్వాం. ఊరి పేరు 'పుల్లేటికుర్రు' కాస్తా 'పుల్లటి కూర' అయింది. 'పచ్చికాయ రెండు వేలు' అన్నచోట 'పచ్చిక రెండు వేలు' అని ఉంది. 'గండేరా' ఒకచోట 'గుండె రా'. అన్నిటికన్నా విడ్డూరం గటగట. రైతు ఆ మాట ఒక్కసారే అన్నాడు, ప్రోగ్రామ్ మాత్రం 'గట గట గట గట' అంటూ సగం పేజీ నింపి, ఆ తరువాతి ధరను మింగేసింది. ఇది దానికున్న పాత జబ్బేనట: ఏదైనా పలుకు రెండుసార్లు వస్తే అందులో చిక్కుకుని అదే పాట పాడుతుంది. మావయ్యగారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లి మార్కెట్‌లో అందరికీ చూపించారు.

దాని వెనుక కారణాలు ఆ అబ్బాయి వివరించాక నాకు కోపం పోయింది. ఆ ఆరు లక్షల ఎనభై వేల గంటల్లో, రాతతో జతచేసిన తెలుగు మాటలు అయిదు గంటలు కూడా లేవు. దానికి తోడు మనది ఫోను మాట. మామూలు ఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాన్నే మోస్తుంది. స, శ, ఫ లాంటి పలుకుల్లో ఉండే ఈల చాలావరకు అంతకు పైన ఉంటుంది, అది దారిలోనే రాలిపోతుంది. రెండు పక్కలా వోల్టే కాల్, అంటే 4జీ మీద నడిచే కాల్, కుదిరితే 7,000 హెర్ట్జ్ దాకా వస్తుంది. అప్పుడు రాతలో తప్పులు కళ్లకు కనిపించేంత తగ్గుతాయి. తోట మధ్యలో నిలబడి, సిగ్నల్ ఒక గీత మీద మాట్లాడే రైతుతో అది ఎప్పుడో కానీ కుదరదు.

ఇంకో చిక్కు ఉత్తరాది వ్యాపారులతో వచ్చింది. కురిడీ కొబ్బరి ఎక్కువగా అటే పోతుంది, కాబట్టి మావయ్యగారు హిందీలో మాట్లాడతారు. ఆయన హిందీలో అంకెలు మాత్రం తెలుగులో వస్తాయి. విస్పర్ ఏ భాషో నిర్ణయించుకోవడానికి మొదటి 30 సెకన్లు మాత్రమే వింటుంది. మొదట్లో 'రామ్ రామ్ సేఠ్‌జీ' వినిపిస్తే ఇక కాల్ మొత్తం దేవనాగరి లిపిలోనే. మధ్యలో ఆయన పక్కకు తిరిగి గుమాస్తాతో తెలుగులో అన్నవి కూడా హిందీ మాటల్లాగే రాసిపెట్టింది. వాటిలో సేఠ్‌జీ గురించి అన్నవి చదివి, ఇవి ఎవరికీ చూపించకూడదని అనుకున్నాను. మన చేతితోనే 'ఇది తెలుగు', 'ఇది హిందీ' అని ముందే చెప్పే వీలుంది. అలా చెప్పడం మొదలుపెట్టాక హిందీ కాల్స్ దాదాపు చెప్పింది చెప్పినట్టే వచ్చాయి.

నవ్వు రానిది, నన్ను భయపెట్టింది మాత్రం నిశ్శబ్దం. 'ఉండండి, పుస్తకం చూసి చెబుతా' అని మావయ్యగారు ఫోను బల్లమీద పెట్టి లోపలికి వెళ్లినప్పుడు, ఆ ఖాళీలో ఎవరూ అనని వాక్యాలు ప్రోగ్రామ్ తానే రాసింది. అచ్చంగా మనిషి అన్నట్టే, విరామ చిహ్నాలతో సహా. 'పుల్లటి కూర' అయితే తప్పని చూడగానే తెలుస్తుంది. శుభ్రంగా ఉన్న అబద్ధపు వాక్యం లెక్కల పుస్తకంలో చేరితే పట్టుకునేదెలా? ఆ అబ్బాయి నిశ్శబ్దాన్ని ముందే తీసేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ముందు తగిలించాడు. అప్పటి నుంచి ఆ బెడద చాలా తగ్గింది. అయినా, ప్రతి వాక్యం పక్కనా అది రికార్డింగులో ఏ నిమిషం, ఏ సెకనులో ఉందో వేయించుకుంటున్నాను. రాతను నమ్మి పద్దు రాయను. రాత చూసి ఆ చోటికి వెళ్లి వింటాను.

తరువాత మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల కోసమే తయారుచేసిన ఇలాంటి ప్రోగ్రామ్ ఒకటి దించి పెట్టాడు. అది కూడా ఉచితమే. తెలుగు వాక్యం తెలుగు వాక్యంలా వచ్చింది. విభక్తులు, క్రియాపదాలు సరిగ్గా కూర్చున్నాయి. గటగట సుడిగుండం పోయింది. మా వ్యాపారపు మాటలు మాత్రం దానికీ తెలియవు, ఎందుకు తెలుస్తాయి? విస్పర్‌కైతే ముందుగా కొన్ని మాటలు అందించి 'ఇలాంటివి వస్తాయి చూసుకో' అని చెప్పే వీలుంది. కానీ అది తెలుగు అక్షరాలను మరీ చిన్న ముక్కలుగా లెక్కపెట్టుకుంటుంది కాబట్టి, కురిడీ, గండేరా, ముక్కుడు, నాలుగైదు ఊళ్ల పేర్లు పెట్టేసరికే ఆ చోటు నిండిపోతుంది. చివరికి నేను చేసింది పాతకాలపు పని: తరచుగా వచ్చే తప్పులకు ఒక పట్టిక రాసుకున్నాను. 'పుల్లటి కూర' కనిపిస్తే పుల్లేటికుర్రు, 'గుండె రా' కనిపిస్తే గండేరా. కంప్యూటర్ ఒక్కసారిగా మార్చేస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఫోనులో పుల్లటి కూర గురించి మాట్లాడరు కాబట్టి ప్రమాదం లేదు.

అంకెలను మాత్రం ఏ పట్టికా కాపాడలేదు. అరవై, ఇరవై అన్నవి మొదటి అక్షరం మింగితే ఒక్కటే. ఒకసారి 'పదహారున్నర' అని వస్తే, ఇంకోసారి '16' అని వేసి 'ఉన్నర'ను వదిలేసింది. వెయ్యికి అయిదు వందల తేడా, ఆరు వేల కాయలకు మూడు వేల రూపాయలు.

ఇంకొకటి, అంకె కన్నా చిన్నది. మా వైపు రైతు ధరకు ఒప్పుకున్నాడంటే, 'ఒప్పుకున్నాను' అనడు. 'ఆయ్' అంటాడు. బేరం మొత్తం ఆ ఒక్క పలుకు మీద నిలబడి ఉంటుంది. రెండు ప్రోగ్రామ్‌లూ దాన్ని గొంతు సవరించుకోవడం కింద జమకట్టి వదిలేశాయి. కాగితం మీద చూస్తే మావయ్యగారు ధర చెప్పారు, అవతలి మనిషి జవాబే ఇవ్వలేదు. చదివేవారికి బేరం కుదరలేదని అనిపిస్తుంది.

దీనికి మందు కంప్యూటర్‌లో లేదని అర్థమయ్యాక, మాట్లాడే తీరునే మార్చమని మావయ్యగారిని అడిగాను. ఎలా అంటే, బేరం తెగాక, ఫోను పెట్టేముందు మొత్తం ఒకసారి నిదానంగా ఒప్పజెప్పాలి. ఊరు, రకం, కాయలు, ధర, దింపు రోజు. ధరను కూడా 'పదహారున్నర' అని కాకుండా 'పదహారు వేల అయిదు వందలు' అని. ఆయన ఒప్పుకోలేదు. "ఫోనులో హరికథ చెప్పమంటావా? మంగళం కూడా పాడనా?" అన్నారు. నేనూ మళ్లీ అడగలేదు.

అడిగింది అవతలివాళ్లే. మాచవరం వైపు రైతు ఒకాయన, వినికిడి కాస్త తక్కువ, "మొత్తం ఓసారి మళ్లీ చెప్పండి బాబూ, మా అమ్మాయి రాసుకుంటుంది" అన్నారట. మావయ్యగారు చెప్పారు. ఆ కాల్ రాత నా దగ్గరికి వచ్చినప్పుడు చివరి నాలుగు వరుసలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఊరు సరే, రకం సరే, అంకె సరే. అదీ చాలక, ఆ కూతురు ఫోను తీసుకుని తాను రాసుకున్నది మళ్లీ చదివింది, కాబట్టి రెండు గొంతుల్లో ఒకే లెక్క. ఆ కాగితం ఆయన ముందు పెట్టాను, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి హరికథ చెబుతున్నారు. ఇప్పుడు, "అయితే నేను చెప్పింది సరేనంటారా?" అని అడిగి, అవతలి మనిషి చేత 'సరేనండి' అనిపించుకునేదాకా ఫోను పెట్టడం లేదు. ఆ 'సరేనండి' కంప్యూటర్ చెవికి తప్పకుండా ఆనుతుంది.

ఇలా చేయడంతో నా పని కూడా మారిపోయింది. కాల్ మొత్తం సరిదిద్దడం మానేశాను. చివరి నిమిషం రాత మాత్రమే చూస్తాను, అంకెల దగ్గర చెవితో విని సరిపోల్చుకుంటాను, పద్దులోకి ఎక్కించి పక్కన ఫైలు పేరు, సమయం రాస్తాను. మిగతా మాటల రాత తప్పులతోనే పడి ఉంటుంది. ఎప్పుడైనా అనుమానం వస్తే 'ముక్కుడు' అని వెతికితే సరిపోతుంది. ఇలా వెతకగలగడమే ఈ రాత వల్ల నాకు దక్కిన అసలు లాభం. గంటల కొద్దీ రికార్డింగుల్లో ఒక ధర వెతకమంటే ఎవరి తరం?

ఒక సంగతి మాత్రం ముందుగా ఊహించలేదు. మా వైపు ఫోను బేరంలో బేరం సగమే. మిగతా సగం కూతురి పెళ్లి చూపులు, భార్య ఆపరేషను, అన్నదమ్ముల గట్టు తగాదా, ఫలానా బ్యాంకు నోటీసు. ఇదివరకు అవి మావయ్యగారి చెవిన పడి అక్కడే ఆగేవి. ఇప్పుడు అన్నీ అక్షరాలై నా ముందు కూర్చున్నాయి. ఒకాయన ధర కాస్త పెంచమని అడుగుతూ, ఆ డబ్బు ఎందుకు కావాలో చెప్పుకున్నాడు. ఆ పేజీ చదువుతుంటే ఎవరి ఇంట్లోనో కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టు అనిపించి, బేరం వరుసలు ఉంచి ఇంటి సంగతులున్న భాగమంతా తీసేశాను. అప్పటి నుంచి అదే పద్ధతి. ఏ ఆన్‌లైన్ సేవకూ ఈ ఫైళ్లు పంపకపోవడానికి కూడా ఇదే కారణం. ఉచితంగా, ఇంతకంటే చక్కగా రాసిపెడతామనే సైట్లు చాలా ఉన్నాయి. రాసిపెట్టాక ఆ గొంతులను ఏం చేస్తారో ఆ నిబంధనలు చదివితే మనసు ఒప్పలేదు. కొట్టులో పని చేసే కుర్రాడికి కూడా ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఇవ్వలేదు. దానికి అతను కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నాడు.

ఖర్చు విషయానికి వస్తే ఫోను తప్ప కొన్నది లేదు. ప్రోగ్రామ్‌లు ఉచితం. కంప్యూటర్ పాతదే కాబట్టి పది నిమిషాల కాల్‌ను రాయడానికి అంతకంటే ఎక్కువసేపే తీసుకుంటుంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఫైళ్లన్నీ దానికి అప్పగిస్తే తెల్లవారేసరికి తయారుగా ఉంటాయి, కరెంటు పోకపోతే. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే నేనైతే ప్రోగ్రామ్‌ల జోలికి వెళ్లకముందే ఫోనులో పేర్లు సరిచేసి, చివర్లో ఒప్పజెప్పే అలవాటు చేయిస్తాను. ఆ రెండూ ఉంటే చేత్తో రాసుకున్నా నష్టం లేదు.

డబ్బు చేతులు మారి, ఖాతా తేలాక మూడు నెలలు ఉంచి ఆ ఫైలు చెరిపేస్తాను. రైతుకు కావాలంటే ముందే పంపుతాను. ఇప్పుడు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. గొంతు అక్కర్లేదు, ఆ చివరి నాలుగు వరుసల కాగితం చాలంటారు. దసరా నాటి తగువు రైతు కూడా మళ్లీ మాకే కాయ వేస్తున్నాడు. మొన్న దింపు ముందు ఫోను చేసి, మావయ్యగారు రికార్డు సంగతి ఎత్తకముందే, "పెట్టారా అండి? అయితే వినండి, ముక్కుడు వేరు, పచ్చికాయ వేరు" అని మొదలుపెట్టాడు.